అంకె వచ్చిన దారి: గణాంక, ఆర్థిక మోడలింగ్ కేంద్రంలో పని ఎలా నడవాలి

"వచ్చే ఏడాది వృద్ధి 2.3 శాతం." ఒక పరిశోధన కేంద్రం ఈ మాట చెప్పిందంటే దాని వెనక కొన్ని వందల డేటా సిరీస్‌లు (నెలనెలా, ఏటా వచ్చే అంకెల వరసలు), నాలుగైదు మోడళ్లు, పదిమందికి పైగా మనుషుల నిర్ణయాలు ఉంటాయి. రెండేళ్ల తర్వాత ఎవరైనా వచ్చి ఆ 2.3 ఎలా వచ్చిందని అడిగితే, ఆనాడు చేతిలో ఉన్న డేటాతో, ఆనాటి కోడ్‌తో మళ్లీ 2.3నే రాబట్టి చూపించగలగాలి. కేంద్రం సరిగ్గా నడుస్తోందా లేదా అని తేల్చడానికి నేను చూసేది ఇదొక్కటే. మోడల్ ఎంత గొప్పదన్నది ఆ తర్వాతి సంగతి.

ఇలాంటి చోట పని మోడళ్ల చుట్టూ తిరుగుతుందని చాలామంది అనుకుంటారు. తిరిగేది క్యాలెండర్ చుట్టూ. ధరల సూచీ ఏ రోజు వస్తుంది, జాతీయ ఆదాయ లెక్కలు ఏ రోజు వస్తాయి, ఎగుమతుల అంకెలు ఏ వారం వస్తాయి అన్నదాన్ని బట్టి కేంద్రంలో ఎవరు ఏ రోజు ఏం చేయాలో తేలుతుంది. దీనికి తోడు ఇంకో నెమ్మదైన క్యాలెండర్ ఉంటుంది: కొత్త మోడల్ కట్టడం, సర్వే రూపొందించడం, పద్ధతి మీద పరిశోధన. వీటికి నెలలు, ఏళ్లు పడతాయి. ఒకే మనుషులకు రెండూ అప్పగిస్తే నెమ్మదైన పని ప్రతిసారీ వెనక్కి పోతుంది, ఎందుకంటే రేపటి గడువు ఎప్పుడూ వచ్చే ఏడాది గడువు కన్నా గట్టిగా పిలుస్తుంది. అందుకే రెండు అంచనా రౌండ్ల మధ్య కనీసం ఐదారు వారాలు ఏ అత్యవసర పనీ పెట్టకుండా ముందే ఖాళీ ఉంచుకోవాలి. ఆ వారాలను ఏడాది మొదట్లోనే క్యాలెండర్‌లో గీసి పెట్టకపోతే అవి దొరకవు.

కొలిచేవాళ్లు వేరు, అంచనా వేసేవాళ్లు వేరు

ఆర్థికవేత్త యాన్ టిన్‌బెర్గెన్ 1936లో నెదర్లాండ్స్ ఆర్థిక వ్యవస్థకు 24 సమీకరణాల మోడల్ కట్టినప్పుడు ఆయన అక్కడి గణాంక కార్యాలయం ఉద్యోగి. 1945లో ఆ దేశం ప్రణాళిక బ్యూరో పెట్టినప్పుడు ఆయనే తొలి డైరెక్టర్. అంకెలు సేకరించే సంస్థ ఒకటి, వాటితో ముందు సంగతి చెప్పే సంస్థ ఇంకొకటి అయ్యాయి. రెండు పనులూ ఒకే కప్పు కింద చేసే కేంద్రంలో ఈ గీతను లోపలే గీసుకోవాలి.

ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. వార్షిక పెట్టుబడి అంకె మాత్రమే ఉంది, త్రైమాసిక అంకె లేదు. డేటా బృందం సిమెంటు ఉత్పత్తిని సూచికగా తీసుకుని, ఆర్థికవేత్తలు చౌ, లిన్ 1971లో ఇచ్చిన పద్ధతిలో వార్షిక అంకెను నాలుగు త్రైమాసికాలకు పంచింది. ఇందులో తప్పేమీ లేదు. ఆరు నెలల తర్వాత మోడల్ బృందంలో ఒకరు ఆ త్రైమాసిక పెట్టుబడిని సిమెంటు ఉత్పత్తి మీద రిగ్రెషన్ (ఒక అంకె మరోదాన్ని బట్టి ఎలా మారుతుందో తేల్చే లెక్క) నడిపి, ఆర్ స్క్వేర్ (ఆ సంబంధం ఎంత గట్టిదో చెప్పే కొలత, 1 అయితే సంపూర్ణం) 0.95 వచ్చిందని సంతోషపడతారు. డేటా బృందం లోపల పెట్టిన సంబంధాన్నే వాళ్లు బయటికి తీశారు. కొత్తగా తెలిసిందేమీ లేదు. ఇది జరగకూడదంటే ప్రతి సిరీస్ పక్కన ఒక గుర్తు ఉండాలి: ఇది కొలిచిందా, అంచనా వేసిందా, పంచిందా, ఖాళీ పూరించిందా, పూరిస్తే దేనితో పూరించారు అని. ఈ గుర్తు లేని సిరీస్‌ను మోడల్‌లోకి రానివ్వకూడదు.

రెండో నియమం: ఈ నెల డేటాను శుభ్రం చేసేవాళ్లు ఈ నెల అంచనాను ముందుగా చూడకూడదు. మోడల్ 2 శాతం అనుకుంటోందని తెలిసినవాళ్లకి 5 శాతం చూపించే అంకె పొరపాటుగా కనిపిస్తుంది, 2.1 చూపించే తప్పుడు అంకె సరైనదిగా కనిపిస్తుంది. ఇది నిజాయితీ లోపం వల్ల జరిగేది కాదు. కన్ను అలాగే పనిచేస్తుంది.

ఒక్క అంకెకు మూడు తేదీలు

డేటా గిడ్డంగిలో అన్నిటికన్నా ముఖ్యమైన నియమం: పాత అంకె మీద కొత్త అంకె రాయకూడదు. ప్రతి విలువకూ మూడు తేదీలు ఉండాలి. అది ఏ కాలానికి సంబంధించింది, ఏ రోజు విడుదలైంది, మనం ఏ రోజు తెచ్చుకున్నాం. అమెరికాలో త్రైమాసికం ముగిసిన దాదాపు నెలకు జీడీపీ మొదటి అంచనా వస్తుంది, తర్వాతి రెండు నెలల్లో రెండోది, మూడోది వస్తాయి, ఆపైన ఏటా సవరణ, ఇంచుమించు ఐదేళ్లకోసారి సమగ్ర సవరణ ఉంటాయి. ఒకే త్రైమాసికానికి అరడజను పైగా విలువలు ఉంటాయన్నమాట. ఈ పొరల్లో ఒక్కోదాన్ని వింటేజ్ అంటారు. అవన్నీ దాచకపోతే పాత అంచనా ఎందుకు తప్పిందో ఎప్పటికీ తెలియదు: మోడల్ తప్పిందా, ఆనాడు చేతికొచ్చిన డేటాయే తర్వాత మారిపోయిందా? ఫిలడెల్ఫియా ఫెడరల్ రిజర్వ్ ఇలాంటి వింటేజ్‌లను బహిరంగంగా అందుబాటులో పెట్టింది. దేశీయ డేటాకు అలాంటి సదుపాయం లేని కేంద్రం, ఈ రోజునుంచే తన కాపీలు తాను దాచుకోవడం మొదలుపెట్టాలి. పోయిన వింటేజ్ తిరిగి రాదు.

లోపలికి వచ్చే ప్రతి ఫైలుకూ మనిషి చూడకముందే కొన్ని తనిఖీలు యంత్రం చేయాలి. వరసల సంఖ్య పోయినసారికి సరిపోయిందా? యూనిట్ వేలనుంచి లక్షలకు మారిందా? సూచీ బేస్ ఏడాది (100గా పెట్టుకుని పోల్చే ఏడాది) మారిందా? భాగాలు కలిపితే మొత్తం వస్తోందా? విలువ లేని చోట సున్నాగానీ 999గానీ పడిందా? ఈ చివరిది చిన్నదిగా కనిపిస్తుంది కానీ చేసే నష్టం పెద్దది. జీతం ప్రశ్నకు జవాబివ్వని 40 మందికి సున్నా పడితే సగటు జీతం పడిపోతుంది, ఆ తగ్గుదలకు కారణం వెతుకుతూ ఎవరో ఒక వ్యాసం రాసేస్తారు. ఇక తనిఖీలో పట్టుబడిన విలువను యంత్రం తనంతట తాను సరిదిద్దకూడదు. ఆపి, చూపించాలి. సరిదిద్దేది మనిషి, ఆ కారణం ఒక వాక్యంలో రాసి ఉండాలి.

సీజనల్ అడ్జస్ట్‌మెంట్ (ఏటా అదే కాలంలో వచ్చే హెచ్చుతగ్గులను అంకెల్లోంచి తీసేయడం) మీద కాస్త ఆగాలి, ఎందుకంటే గొడవలు ఎక్కువ పుట్టేది ఇక్కడే. ఈ పని చేసే సాఫ్ట్‌వేర్‌లు ఎక్స్-13 గానీ ట్రామో-సీట్స్ గానీ నెలవారీ సిరీస్‌కు కనీసం మూడేళ్ల డేటా అడుగుతాయి. ఐదేళ్లకు పైబడి ఉంటేనే ఫలితం నమ్మదగ్గది. ప్రతి నెలా సాఫ్ట్‌వేర్‌నే కొత్తగా మోడల్ ఎంచుకోమని వదిలేస్తే, ఒక్క కొత్త అంకె వచ్చినందుకే గత మూడేళ్ల వక్రరేఖ మొత్తం కదిలిపోతుంది. అందుకని మోడల్ రూపం ఏడాదికోసారే ఎంచుకుని, గుణకాలను (సమీకరణాల్లో డేటానుంచి లెక్కించే అంకెలను) మాత్రం నెలనెలా తాజా చేసుకోవాలి. తేదీ మారే పండగలకు వేరే వేరియబుల్ పెట్టాలి, లేకపోతే పండగ ఒక ఏడాది మార్చిలో, మరో ఏడాది ఏప్రిల్‌లో పడినప్పుడు అమ్మకాల్లో నిజంగా లేని హెచ్చుతగ్గులు కనిపిస్తాయి. 2020లో కోవిడ్ దెబ్బ పడినప్పుడు యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ ఇచ్చిన సలహా గుర్తుంచుకోదగ్గది: సిరీస్ చివర పడిన ఆ విలువలను ముందు ఒంటరి అసాధారణ విలువలుగా పెట్టండి, మరిన్ని నెలల డేటా వచ్చాక అది శాశ్వత మార్పా కాదా అన్నది తిరిగి తేల్చండి. అలా చేయనిచోట ఆ ఏడాది ఏప్రిల్‌లో పడ్డ గుంట, తర్వాతి ఏప్రిల్ నెలలన్నిటికీ సీజన్‌గా అంటుకుంది.

సొంత సర్వే ఉంటే

ఒక నిష్పత్తిని 95 శాతం విశ్వాసంతో, 3 పాయింట్లు అటూ ఇటూగా కొలవాలంటే 1,067 మంది చాలని సూత్రం చెబుతుంది. అది చీటీలు తీసినట్టు ఒక్కొక్కరినీ విడిగా ఎంచుకున్నప్పటి లెక్క. క్షేత్రంలో చేసేది గుత్తులుగా, అంటే ఒక్కో ప్రాంతంలో కొందరిని కలిపి ఎంచుకోవడం. డిజైన్ ఎఫెక్ట్ (ఇలా ఎంచుకున్నందుకు నమూనా ఎన్ని రెట్లు కావాలో చెప్పే అంకె) 1.5 అనుకుంటే సుమారు 1,600 పూర్తి ఇంటర్వ్యూలు కావాలి. పదిమందిలో ఆరుగురే జవాబిస్తారనుకుంటే దాదాపు 2,670 చిరునామాలతో బయల్దేరాలి. బడ్జెట్ మాత్రం 1,067కే వేస్తారు. ఆఖరి వారంలో లెక్క పూర్తిచేయడానికి తలుపు తీయని ఇంటికి బదులు పక్కింటిని అడిగేస్తారు. పగటిపూట ఇంట్లో ఉండేవాళ్లతో నమూనా నిండిపోతుంది, ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల వాటా తగ్గిపోతుంది.

సేకరణ నాణ్యతకు భారత గణాంకవేత్త మహలనోబిస్ చూపిన దారి ఇప్పటికీ పాతబడలేదు. నమూనాను రెండు స్వతంత్ర భాగాలుగా విడగొట్టి, ఒకే ప్రాంతంలో రెండు వేర్వేరు బృందాలతో సేకరించడం. రెండిటి ఫలితాల మధ్య తేడా, నమూనా వల్ల సహజంగా రాగల తేడాకు మించి ఉంటే ప్రశ్నపత్రంలోనో, శిక్షణలోనో, ఎన్యూమరేటర్ల (ఇంటింటికీ వెళ్లి అడిగేవాళ్ల) దగ్గరో లోపం ఉన్నట్టు. ప్రయాణ ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ పని జరుగుతుండగానే తప్పు చూపించే పద్ధతి నాకు తెలిసి ఇంత సులువుగా మరొకటి లేదు.

అంచనా రౌండు

ఆరు వారాల రౌండును తీసుకుందాం. మొదటి వారంలో బయటి ఊహలు కుదురుతాయి: ముడిచమురు ధర, మారకపు రేటు, ప్రపంచ వాణిజ్యం, వడ్డీ రేట్లు. ఇవన్నీ ఒకే పట్టికలో, ఒకే తేదీతో ఉండాలి. చమురు ధర ద్రవ్యోల్బణం చూసేవాళ్ల దగ్గర 80 డాలర్లు, వాణిజ్య లోటు చూసేవాళ్ల దగ్గర 72 డాలర్లు అయితే ఆ నివేదిక రెండు లోకాల గురించి మాట్లాడుతున్నట్టే. రెండో వారంలో ఈ త్రైమాసికపు తక్షణ అంచనా వేయాలి. త్రైమాసిక అంకెను నెలవారీ సూచికలతో కలిపే బ్రిడ్జ్ సమీకరణాలు, చాలా సూచికల ఉమ్మడి కదలికను పట్టే ఫ్యాక్టర్ మోడళ్లు ఇక్కడ పనికొస్తాయి. మూడో వారంలో ఆ తక్షణ అంచనాను మొదటి మెట్టుగా తీసుకుని ప్రధాన మోడల్ రెండు మూడేళ్ల దూరం నడుస్తుంది. నాలుగో వారం రంగాలవారీ నిపుణులది. ఐదోది వాదన వారం. ఆరోది రాయడం, తనిఖీ, విడుదల. డేటాకు కటాఫ్ తేదీ మూడో వారం చివర ఉండాలి, ఆ తర్వాత వచ్చిన అంకెలకు నివేదికలో ఒక పెట్టె చాలు. కటాఫ్ జారిందంటే రౌండు మొదటికొస్తుంది.

మోడల్ 1.9 అంది, కేంద్రం 2.3 చెప్పింది. మధ్యలో ఉన్న 0.4 ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు రాసి ఉండకపోవడమే ఇలాంటి కేంద్రాల్లో అన్నిటికన్నా పెద్ద జబ్బు అని నా నమ్మకం. నిపుణుల చేతి సవరణ ఉండటంలో తప్పు లేదు. కొత్త కర్మాగారం మొదలవుతోందనో, పెద్ద పన్ను మార్పు వస్తోందనో మోడల్‌కు తెలియదు. కానీ ప్రతి సవరణకూ నాలుగు గడులు నింపాలి: ఎంత, ఎందుకు, ఎవరు, ఎన్ని త్రైమాసికాల వరకు. నాలుగోది ఖాళీగా వదిలేస్తే తాత్కాలిక సవరణ ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. పెట్టినవాళ్లు వెళ్లిపోయినా అది మాత్రం సమీకరణంలో ఉండిపోతుంది.

నాలుగో వారంలో భాగాలను కలిపేటప్పుడు ఇంకో ఉచ్చు ఉంది. చైన్ లింకింగ్ (ఏటా ధరల వాటాలను మారుస్తూ ఏళ్లను గొలుసుగా కలపడం) చేసిన స్థిర ధరల అంకెల్లో, వినియోగం, పెట్టుబడి, ప్రభుత్వ ఖర్చు, నికర ఎగుమతులు కలిపితే జీడీపీ రాదు. ఏటా చైన్ కట్టే పద్ధతిలో రిఫరెన్స్ ఏడాదికి (ఏ ఏడాది ధరల్లో అంకెలు చెబుతామో ఆ ఏడాదికి), దాని వెంటనే వచ్చే ఏడాదికి తప్ప కుదరదు. ఇది తెలియనివాళ్లు తేడాను నిల్వల మార్పులో పడేస్తారు, నిల్వలు పేరుకుపోతున్నాయని ఒక పేరా కూడా రాస్తారు. వృద్ధికి ఏ భాగం ఎంత తోడ్పడిందో లెక్కించాలంటే గత ఏడాది ధరల్లోని వాటాలతో లెక్కించాలి.

వాదన వారంలో మోడల్ కట్టనివాళ్లు ప్రశ్నించాలి. వాళ్లు తప్పకుండా అడగాల్సింది వార్షిక సగటు గురించి. నిరుడు నాలుగు త్రైమాసికాల స్థాయిలు 100, 101, 102, 103 అనుకోండి. సగటు 101.5. ఈ ఏడాది ఆర్థిక వ్యవస్థ ఒక్క అడుగూ వేయకుండా 103 దగ్గరే ఆగిపోయినా వార్షిక వృద్ధి దాదాపు 1.5 శాతం అని వస్తుంది. అదంతా నిరుటినుంచి మోసుకొచ్చింది. 2.3లో 1.5 ఇలా వచ్చిందైతే నివేదిక చెప్పే కథ పూర్తిగా మారాలి.

ఏ ప్రశ్నకు ఏ మోడల్

ఒక్క మోడల్‌తో అన్నీ చెప్పే కేంద్రం లేదు, ఉండకూడదు కూడా. ఓడరేవు మూతపడితే వచ్చే మూడు నెలల్లో ఏ పరిశ్రమకు సరుకు అందదో చెప్పడానికి ఆర్థికవేత్త లియొంటీఫ్ బాటలోని ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టికలు (ఏ పరిశ్రమ ఏ పరిశ్రమనుంచి ఎంత సరుకు తీసుకుంటుందో చెప్పేవి) పనికొస్తాయి. అదే పట్టికలతో పదేళ్ల ప్రభావం చెబితే తప్పు, ఎందుకంటే వాటిలో ధరలు మారవు, ఒకదానికి బదులు ఇంకొకటి వాడుకోవడం ఉండదు. సుంకాల మార్పుకు సాధారణ సమతౌల్య మోడల్ (అన్ని మార్కెట్లూ ఒకేసారి సర్దుకునే మోడల్) కావాలి. పన్ను శ్లాబుల మార్పుకు కుటుంబాల స్థాయి మైక్రోసిమ్యులేషన్ (ఒక్కో కుటుంబానికి ప్రభావాన్ని విడిగా లెక్కగట్టడం) కావాలి. విధానం మారితే మనుషుల ప్రవర్తన మారుతుంది కాబట్టి పాత డేటాలోని సంబంధాలు నిలవవని ఆర్థికవేత్త రాబర్ట్ లూకాస్ 1976లో చేసిన విమర్శ, కేవలం గత పోకడలతో నడిచే మోడల్‌ను విధాన ప్రశ్నకు వాడబోయే ప్రతిసారీ గుర్తుకు రావాలి.

అందుకే ప్రతి మోడల్‌కూ ఒక్క పేజీ పరిచయ పత్రం ఉండాలి. బాధ్యులెవరు, రెండో మనిషి ఎవరు, చివరిసారి ఎప్పుడు గుణకాలు లెక్కించారు, ఏ డేటాతో. అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో: దీన్ని దేనికి వాడకూడదు.

సాధారణ సమతౌల్య మోడల్‌కు ఫలితం చూడకముందే మూడు పరీక్షలు తప్పనిసరి. షాక్ (బయటినుంచి పెట్టే మార్పు) ఏమీ ఇవ్వకుండా నడిపితే మొదటి ఏడాది డేటా యథాతథంగా తిరిగి రావాలి. రాకపోతే సోషల్ అకౌంటింగ్ మ్యాట్రిక్స్‌లో (ఎవరినుంచి ఎవరికి ఎంత డబ్బు వెళ్తుందో చూపే పట్టికలో) ఎక్కడో అడ్డు మొత్తం, నిలువు మొత్తం కలవలేదు. మిగతా ధరలన్నిటికీ కొలమానంగా పెట్టుకున్న ధరను రెట్టింపు చేస్తే ధరలన్నీ రెట్టింపు కావాలి, పరిమాణాలు కదలకూడదు. కదిలితే ఏదో ఒక సమీకరణంలో రూపాయి విలువను, నిజ విలువను కలిపేశారు. చివరిగా, వాల్రస్ నియమం (మిగతా మార్కెట్లన్నీ సర్దుకుంటే చివరిదీ సర్దుకుంటుంది) ప్రకారం, సమీకరణాల్లో పెట్టకుండా వదిలేసిన మార్కెట్ దానంతట అదే సర్దుకోవాలి. సర్దుకోకపోతే ఎవరి ఆదాయమో ఎక్కడో కారిపోతోంది. ఈ మూడూ కలిపి పది నిమిషాల పని.

కోడ్, మళ్లీ నడిపించడం

గుణకాలు వచ్చాయి, పట్టిక తయారైంది. ఇల్లు అలకగానే పండగ కాదు. ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్ 2010లో రాసిన అప్పులు-వృద్ధి పరిశోధనను హెర్న్‌డన్, యాష్, పోలిన్ 2013లో తిరిగి లెక్కించారు. స్ప్రెడ్‌షీట్‌లో సగటు సూత్రం 49వ వరస దాకా వెళ్లాల్సింది 44 దగ్గర ఆగిపోయింది, ఐదు దేశాలు బయటే ఉండిపోయాయి. దీనికి తోడు కొన్ని ఏళ్ల డేటా వదిలేయడం, దేశాలకు వెయిట్లు ఇచ్చిన తీరు ఉన్నాయి. అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 అని వాళ్లు చెబితే, సరిచేశాక ప్లస్ 2.2 వచ్చింది. చాంగ్, లి అనే ఆర్థికవేత్తలు 2015లో 67 పరిశోధన పత్రాలను తీసుకుంటే, రచయితల్ని అడగకుండా ఫలితాన్ని తిరిగి రాబట్టగలిగినవి 22 మాత్రమే.

దీనికి మందు తెలిసిందే: ముడి ఫైలునుంచి ప్రచురించే పట్టిక దాకా ఒకే ఆదేశంతో నడవాలి. విడుదలకు ముందు, ఆ పనిలో పాల్గొనని మనిషి ఖాళీ యంత్రం మీద దాన్ని నడపాలి. అక్కడ ఆగిపోవడానికి కారణాలు దాదాపు ప్రతిసారీ ఇవే: ఒకరి కంప్యూటర్‌లోని ఫోల్డర్ పేరు కోడ్‌లో ఉండిపోవడం, ప్యాకేజీ వెర్షన్ మారడం, యాదృచ్ఛిక సంఖ్యలకు సీడ్ (ప్రతిసారీ అవే సంఖ్యలు రావడానికి ఇచ్చే మొదటి అంకె) పెట్టకపోవడం, ఎక్కడో మధ్యలో చేత్తో దిద్దిన ఒక గడి. ఈ పరీక్షకు ఒక పూర్తి రోజు కేటాయించాలి. నివేదిక వాక్యాల్లోని అంకెలు కూడా డేటాబేస్‌నుంచే రావాలి, చేత్తో టైపు చేయకూడదు. 1.14, 1.14 కలిస్తే 2.28. గుండ్రం చేస్తే 1.1, 1.1, మొత్తం 2.3. పట్టిక కింద ఆ సంగతి ఒక గమనికగా రాయాలి, 2.3ను 2.2గా ఎవరూ "సరిదిద్దకూడదు".

వ్యక్తుల, సంస్థల రహస్య డేటా వాడినప్పుడు బయటికి వెళ్లే ప్రతి పట్టికనూ ఇద్దరు చూడాలి. ముగ్గురి కన్నా తక్కువ మంది ఉన్న గడిని దాచడం అందరికీ తెలుసు. మొత్తంలోంచి మిగతావి తీసేస్తే దాచిన గడి బయటపడుతుందని, కాబట్టి అదే వరసలో ఇంకోటీ దాచాలని చాలామంది మర్చిపోతారు. గరిష్ఠ విలువ, కనిష్ఠ విలువ ఇవ్వకూడదు, అవి ఒక్కరి సమాచారమే.

తప్పుల లెక్క

ఏడాదికోసారి పాత అంచనాలను తీసి లెక్క కట్టాలి. మొదట తేల్చుకోవాల్సింది, ఏ వింటేజ్‌తో పోలుస్తాం అన్నది. మొదటి విడుదలతోనా, రెండేళ్ల తర్వాతి అంకెతోనా? ఇది ముందే రాసి పెట్టుకోకపోతే మనకు అనుకూలమైనదే చేతికొస్తుంది. తర్వాత "నిరుటి వృద్ధే ఈ ఏడాదీ" అనే అతి సులువైన అంచనాను పక్కన పెట్టాలి. దాన్ని కూడా ఓడించలేని మోడల్‌కు ఆరు వారాలు ఖర్చుపెట్టడానికి కారణం చెప్పాలి. తేడా నిజమైనదా అని చూడటానికి రెండు అంచనాల తప్పులను పోల్చే డీబోల్డ్-మారియానో పరీక్ష ఉంది, అయితే పదేళ్లంటే 40 త్రైమాసికాలే, అంత కొంచెం డేటాతో గట్టి తీర్పు రాదు.

బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ 1996లో ద్రవ్యోల్బణానికి విసనకర్ర చిత్రం (రాబోయే అంకె పడే అవకాశమున్న పరిధిని పట్టీలుగా విప్పి చూపేది) తెచ్చింది, ఇప్పుడు చాలా కేంద్రాలు అలాంటివి వేస్తున్నాయి. దాన్నీ పరీక్షించాలి. 90 శాతం పట్టీ గీస్తే 40 త్రైమాసికాల్లో నాలుగు బయట పడాలి. పన్నెండు పడితే పట్టీ మరీ సన్నం. ఒక్కటీ పడకపోతే మరీ వెడల్పు, చదివేవాళ్లకు అది ఏమీ చెప్పడం లేదు. చేతి సవరణలను వేరుగా లెక్కించాలి: 1.9కు 0.4 కలపడం వల్ల అంచనా నిజానికి దగ్గరైందా, దూరమైందా? నాలుగు గడులు నింపిన చోటే ఈ లెక్క సాధ్యం.

ఈ లెక్క డబ్బిచ్చేవాళ్లకు నచ్చినా నచ్చకపోయినా ప్రచురించాలి. బయటి సంస్థ కోసం చేసే ప్రతి పని ఒప్పందంలోనూ ఫలితం ఎలా వచ్చినా ప్రచురణ ఆగదన్న మాట, విడుదల తేదీతో సహా, పని మొదలుకాకముందే ఉండాలి. ఫలితం వచ్చాక ఆ మాట చేర్చడం ఎవరివల్లా కాదు.

చివరిగా, మనుషుల గురించి ఒక పరీక్ష. ఏడాదిలో ఒక రౌండును ప్రతి మోడల్‌కూ రెండో మనిషి చేత నడిపించండి, మొదటి మనిషిని ఆ రౌండు పూర్తయ్యేదాకా ఏమీ అడగకుండా. రెండో మనిషి ఎక్కడ ఆగిపోతే అక్కడ పరిచయ పత్రంలో ఒక వాక్యం తక్కువైంది. ఆ వాక్యాన్ని ఆ రోజే, ఆగిపోయిన మనిషి చేతే రాయించండి.